ఆరని గంజి

నా చిన్నప్పుడు ఇప్పటి ఈ బగీచా ఒట్టి తుమ్మచెట్ల జాగా. కరీంనగర్ నుంచి గుజరాత్‌కు వలసొచ్చి, ఇక్కడ పర్వత్ పాటియా వైపు మగ్గాల కార్ఖానాల్లో పనిచేసే మావాళ్ల రేకుల గదులన్నీ దాని చుట్టూ ఉండేవి. ఎనిమిది మంది పడుకునే గదిలో పిల్లలకు ఆటెక్కడిది? మా ఆటంతా అక్కడే. ఊరి నక్షాలో అది బగీచా కోసం విడిచిన స్థలమని అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఒకరోజు ఎవరో బిల్డర్ మనుషులు ట్రాక్టర్ నిండా ఇటుకలు వేసుకుని ప్రహరీ కట్టడానికి దిగారు.

మా నాన్న, చుట్టుపక్కల మగవాళ్లు వెళ్లి అడ్డం నిలబడ్డారు. వాళ్లను తోసేశారు. నాన్న పెదవి చిట్లింది. మీ ఊరికి పొండని తిట్టారు కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా నాన్న నేసిన బట్ట కట్టుకోవచ్చు గానీ, ఆయన పిల్ల ఆడుకోవడానికి ఇంత జాగా ఉండకూడదా!

నాన్న అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోయాడు. అర్జీ కదలడానికి రోజులు పడతాయి, గోడ లేవడానికి రెండు రోజులు చాలు. మా తాత కరీంనగర్ వైపు చేమగ్గం మూలపడ్డాక మా దగ్గరికొచ్చి ఉంటున్నాడు. మర్నాడు తెల్లారేసరికి ఆయన తన పెట్టెలో దాచుకున్న చివరి పడుగు నూలు తీసి, ఆ జాగాకు అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొసకు వెదురు కర్రల మీద చాచి, కుంచెతో గంజి పడుతున్నాడు. చాచిన పడుగును దాటకూడదని మావాళ్ల పట్టింపు.

ట్రాక్టర్ వచ్చి ఆగింది. తీసెయ్యమన్నారు.

"గంజి ఆరనియ్యి బేటా, గప్పుడు తీస్త," అన్నాడు తాత, కుంచె ఆపకుండా.

తొక్కుకుంటూ పోనిమ్మని బిల్డర్ మనిషి అరిచాడు. డ్రైవర్ దిగి దారాలు చూసి ఇంజన్ ఆపేశాడు. వాళ్లింట్లోనూ మగ్గం బతుకేనట. దారం అన్నంతో సమానం, దాని మీద బండి నడపనని హిందీలో తెగేసి చెప్పాడు. అప్పుడు బిల్డర్ మనిషి తానే కత్తి తీశాడు.

"తెంపుతవా? తెంపు. గింతమంది సూస్తున్నరు," అన్నాడు తాత. గదుల్లోంచి ఆడవాళ్లంతా బయటికొచ్చారు, పక్కింటి గుజరాతీ మాసీతో సహా. అతను కత్తి మడిచాడు.

మూడో రోజుకు నాకు అనుమానమొచ్చింది. నేయడానికి ఇంట్లో మగ్గమే లేదు. పడుగు ఆరగానే ఈయన మళ్లీ గంజి పడుతున్నాడు. "తాతా, ఆరింది గదా, మళ్ల ఎందుకు?" అన్నాను. ఆయన చుట్టూ చూసి, కుంచె నా చేతిలో పెట్టాడు. "నోర్మూసుకొని జర గంజి పట్టు బిడ్డా."

తొమ్మిదో రోజు అధికారులు నక్షాతో వచ్చి కొలిచి, హద్దురాళ్లు పాతారు. గంజి మీద గంజి పట్టి ఆ నూలు కట్టెల్లా బిరుసెక్కింది, నేతకు పనికిరాలేదు. తాత దానికి ఏడ్చాడు. చేసినందుకు మాత్రం ఒక్కనాడూ బాధపడలేదు.

ఇప్పుడు రేకుల గదుల చోట మేడలు లేచాయి. నిరుడు చలికాలంలో ఒక కాంట్రాక్టర్ బగీచాలో ఒక మూల కార్ల పార్కింగ్‌కని తాళ్లు కట్టించాడు. ఉత్త చేతులతో నిలబడ్డవాళ్లను తోసేస్తారు, పని చేసుకుంటున్నవాళ్లను కదిలించడానికి జంకుతారు. ఆ తొమ్మిది రోజుల్లో నాకు వంటబట్టింది ఇదే. అయిదు కిలోల పాపడి చిక్కుళ్లు పట్టుకెళ్లి, తాళ్ల మధ్య చాప వేసుకుని కూర్చున్నాను. లెమ్మన్నారు. ఒలవడం అయినంక లేస్తనన్నాను. అవి అయిపోయేలోపు మా కోడలు ఇంకో అయిదు కిలోలు తెచ్చింది.