ముప్పై నంబరు ఫ్యూజు

పోయిన వారం జమ్మలమడుగులో ఒకాయన పాత కారు డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి కనిపించాడు. ఏమైందని ఆగితే, కరిగిన ఫ్యూజు చూపించి, "ఇంగొంచెం పెద్దది ఏస్తే సరిపోతాది గదన్నా?" అన్నాడు. "వద్దప్పా, నీకు పుణ్యముంటాది!" అని అరిచేశాను. పాపం, బిత్తరపోయాడు.

ఒకప్పుడు నేనూ అంతటి మేధావినే. సెకండ్‌హ్యాండులో కొన్న మా కారులో ఏసీ ఫ్యానుకున్న ఇరవై నంబరు ఫ్యూజు, పసుపుది, వారానికొకటి కరిగేది. మా ఎండల్లో ఫ్యాను లేకుండా చంటిబిడ్డతో ప్రయాణమా? ముప్పై నంబరు ఆకుపచ్చది కుక్కేశాను. మైలవరం డ్యాం చూసి ప్రొద్దుటూరు ఇంటికి వస్తుంటే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. కారు ఆపీ ఆపకముందే మా ఆవిడ బిడ్డను చంకనేసుకుని ఎండలోకి దిగేసింది. "ఇంగ ఈ కార్లో నా బిడ్డను ఎక్కిచ్చేదిల్యా. పెద్ద ఫ్యూజు ఎయ్యమన్యది ఎవురు?" అంది. తప్పించుకోవడానికి నోటికొచ్చింది చెప్పేశాను: "పులివెందుల బావ." అంటే ఆవిడ సొంత అన్న. ఆయనకు ఈ ఫ్యూజు సంగతే తెలియదు.

బతిమాలి ఎక్కించుకుని, ఫ్యాను ఆపేసి, మెల్లగా ప్రొద్దుటూరు చేరాం. కార్ల కరెంటు పని చేసే సాయిబు మామ నా పాత ఫ్యూజులన్నీ వెలుతురుకు పట్టి చూశాడు. "తీగ తెగల్యా, సూడు. ప్లాస్టిక్కే కరిగింది. కరెంటు ఎక్కువై కాదప్పా, బాక్సులో ఫ్యూజును పట్టుకునే క్లిప్పు వదులైంది. వదులైన కాడ వేడి పుడతాది. నువ్వు ముప్పై ఏస్తే వదులు బిగుస్తాదా? ఫ్యూజు బాగనే ఉంటాది, వైరు కాలిపోతాది." నల్లబడిన వైరు కత్తిరించి, కొత్త క్లిప్పు వేసి, మళ్ళీ ఇరవై నంబరుదే పెట్టి, అరగంట ఫ్యాను తిప్పి, మా ఆవిడనే ఫ్యూజు ముట్టుకుని చూడమన్నాడు. గోరువెచ్చగా ఉంది. అప్పుడు గానీ ఆవిడ బిడ్డతో కారెక్కలేదు.

ఇంటికి రాగానే అన్నకు ఫోను చేసి చెడామడా వాయించేసింది. నేను పక్కనే నిలబడి వింటున్నాను. అవతల నుంచి ఆయన, "ఔ మ్మే, నేనే సెప్పినా. తప్పైపాయ, ఇడ్సిపెట్టు" అన్నాడు.

నన్ను ఆయన ఎన్నడూ ఒక్క మాట అడగలేదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా మా ఆవిడ ఆ పొగ కథ ఎత్తేది, బావ నవ్వేవాడు, నేను విస్తరిలోకి చూసుకునేవాణ్ణి. సిగ్గుగా ఉండేది. నిజం చెప్పి, చేతులు పట్టుకుని క్షమించమని అడగాలనుండేది. పోయినేడు బావ చనిపోయాడు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను; నాకున్నన్ని రేపులు ఆయనకూ ఉంటాయనుకున్నాను.