సారె మీద ఇరవయ్యోసారి

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు, కిందటి ఏడాది మే నెల. కానీ మనిషి ఏ పనిలో కొత్తగా దిగితే ఆ పనిలో పసిపిల్లే కాబట్టి దాన్ని నా బాల్యం కిందే రాసుకున్నాను. వయసు అరవై నాలుగేళ్ళ మూడు నెలలు. పంతులమ్మగా వయసు సున్నా. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ప్యాకింగులో, పెట్టెకు పది మాత్రల పట్టీలు ఉన్నాయా లేవా అని చూడటమే నా పని. (తొమ్మిది పట్టీల పెట్టె నన్ను దాటి ఎప్పుడూ పోలేదు. పదకొండువి రెండు పోయాయి. ఆ రెండు తేదీలూ గుర్తే, చెప్పను.) రిటైరయ్యాక లెక్కపెట్టడానికి ఏమీ మిగలక, ఇంటి ముందు రోడ్డు మీద పోయే ట్యాంకర్లను లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. అలాంటి దిగులు రోజుల్లో, ముత్తంగి దగ్గర గోదాముల మధ్యనున్న ఒక ప్రైవేటు బడి మేడం వచ్చి, "ఆంటీ, మీరు కుమ్మరోళ్ళు కదా? సమ్మర్ క్యాంపుల పిల్లలకు కుండలు జేసుడు నేర్పిస్తరా? మీకు వచ్చు కదా?" అని అడిగింది. "రాకేంది మేడం, పుట్టిందే మట్టిల," అన్నాను.

అందులో అబద్ధం లేదు. నిజం మాత్రం కొంచెం తక్కువ తూగుతుంది. మట్టి తవ్వడం మొదలుకొని కుండ అమ్మేదాకా మా ఇంట్లో పదకొండు పనులుండేవి. తొమ్మిది ఆడవాళ్ళవి: మట్టి ఎండబెట్టాలి, దంచాలి, జల్లించాలి, నానబెట్టాలి, తొక్కాలి, పచ్చి కుండను చెక్కతో తట్టి అడుగు మూయాలి, ఎర్రమట్టి పూయాలి, ఆవంలో పేర్చి కాల్చాలి, నెత్తిన పెట్టుకొని పోయి అమ్మాలి. మగవాళ్ళవి రెండే, మట్టి తవ్వడం, సారె తిప్పడం. అయినా కుండ చేశాడన్న పేరు సారె ముందు కూర్చున్నవాడికే. మా ఇంట్లో ఆడది సారె ముట్టకూడదు. ఏడేళ్ళప్పుడు ఒకసారి నా కాలివేలు తగిలితే, నాన్న సారెకు పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ పూటకు పని ఆపేశాడు. (కొబ్బరి ముక్క అందరికీ పెట్టారు, నాకు తప్ప.) అంటే మేడంకు చెప్పిన రోజుకు నాకు సారె మీద ఉన్న అనుభవం ఒక కాలివేలు.

క్యాంపు మే 5, సోమవారం మొదలు. అంతకు ఎనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 27 ఆదివారం, రెండు బస్సులు మారి జిన్నారం అవతల మా అన్న ఇంటికి పోయాను. మా ఇంట్లో సారె తిప్పిన చివరి మనిషి ఆయనే. ప్లాస్టిక్ బిందెలొచ్చాక సారె వదిలేసి, ఒక రంగుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు డ్రమ్ములు మోశాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, సారె మీద మట్టి ఎట్ల నిలవెడ్తరో జెర సూపెట్టు."

"ఎవలికి?"

"నాకే."

"నీకేమన్న ఎండ తాకిందా చెల్లె? నాయిన ఒక్కపారి సచ్చిండు, గది సాలదా? మల్ల సంపుతవా?"

లోపలి నుంచి మా వదినె, "సూపెట్టరాదు, నీ సొమ్మేం బోయింది?" అంది. "నువ్వు జెర అన్నం సూడు, మాడువాసనొస్తున్నది," అన్నాడు అన్న. అన్నం మాడలేదు. ఆ అన్నం తినే తిరిగొచ్చాను.

క్యాంపులో ఇరవై ఇద్దరు పిల్లలు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలే అందరూ. సగం మంది ఇంట్లో హిందీ, బళ్ళో తెలుగు. మేడం కరెంటు సారె ఒకటి, కరెంటు ఆవం ఒకటి తెప్పించి గది మధ్యలో పెట్టింది. నేను వాటి వైపు వీపు పెట్టి కూర్చుని, ప్రమిదలు, ఏనుగులు, పాములు చేయించాను. (పిల్లవాడి చేతికి మట్టిస్తే మొదట పాము పుడుతుంది. మొదటి వారంలోనే అరవై ఒక్క పాములు.) "మట్టి అమ్మమ్మా, సారె ఎప్పుడు?" అని రోజూ అడిగేవాళ్ళు. సోమవారం మట్టి ఇంకా నానాలన్నాను. మంగళవారం, మంగళవారం కనుక వద్దన్నాను. బుధవారం కరెంటు మీద పెట్టాను, గురువారం మబ్బు మీద. శుక్రవారం ఒక తొమ్మిదేళ్ళ పిల్ల చిన్న నోటుబుక్కు తెరిచి, "నాలుగు రోజులు, నాలుగు సాకులు. ఇయ్యాల్టిది చెప్పు అమ్మమ్మా, రాసుకోవాలె," అంది. దానికి నేను పెట్టుకున్న పేరు లెక్కల పిల్ల. నా జన్మలో నాకు భయం పుట్టించిన ఇన్‌స్పెక్టరు అదొక్కటే.

అదే రోజు మేడం తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ పెట్టింది: పదహారో తారీకు శుక్రవారం ముగింపు, పదిన్నరకు ఆంటీ అందరి ముందు సారె మీద కుండ చేసి చూపిస్తారు. నిజానికి గురువారం నుంచే, పిల్లలు పోయాక తలుపు వేసుకొని ప్రయత్నిస్తున్నాను. ఆ రోజు నాలుగుసార్లు, శుక్రవారం ఏడు, శనివారం ఎనిమిది. పంతొమ్మిదిసార్లూ మట్టి సారె మీద నిలవలేదు. ఒక ముద్ద స్టాండు ఫ్యానులో పడితే, ఫ్యాను దాన్ని నాలుగు గోడలకూ సమంగా పంచింది. గోడలు తుడుస్తూ ఏడ్చాను. ఉద్యోగం పోతుందని కాదు. ఆవిడ కుమ్మరిది కాదట అని ఇరవై రెండు ఇళ్ళలో అనుకుంటారు. తొమ్మిది పనులు చేసిన మా అమ్మ కూడా ఆ మాటతో కుమ్మరిది కాకుండా పోతుంది.

ఆదివారం మళ్ళీ అన్న దగ్గరికి పోయాను. ఈసారి ఏమీ అడగలేదు. అరుగు మీద కూర్చుని, "పంతొమ్మిదిపార్లు," అన్నాను.

"ఏంది పంతొమ్మిది?"

చెప్పాను, శుక్రవారం అందరి ముందు చేయాల్సిన కుండ, ఫ్యాను సంగతితో సహా. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు, తర్వాత నవ్వు పోయి దగ్గే మిగిలింది. అది తగ్గాక అడిగాడు, "మట్టి యాడిది?"

"ప్యాకెట్ల వస్తది."

"ప్యాకెట్లనా? పాల లెక్కనా? మన చెర్ల మట్టికేమైంది?"

"ఫ్యాక్టరీల నీళ్ళు గలిసినంక తొక్కితె కాళ్ళు దురదవెడ్తున్నయంట గద అన్నా, పిల్లలకెట్లిస్త?"

"గా కరెంటు సారె కట్టె వెట్టి తిప్పకుంటనే తిరుగుతదా?"

"తిరుగుతది."

"ఎంతసేపు?"

"కరెంటున్నంతసేపు."

"శుక్కురారం ఎన్నింటికి?" అన్నాడు.

పదిన్నరకు ఐదు నిమిషాలు తక్కువుండగా వచ్చాడు, పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్లచొక్కాలో. తల్లిదండ్రులు ముప్పై ఏడు మంది. "మా అన్న, అసలైన కుమ్మరి," అని చెప్పి నేను పక్కకు తప్పుకున్నాను. (ఇంత తేలికగా బయటపడ్డానా అనుకున్న క్షణం అది. సిగ్గుగానే ఉంది, రాస్తున్నాను.) అన్న సారెకు దండం పెట్టి మట్టి పెట్టాడు. సారె తిరిగింది. మట్టి ఊగింది. మళ్ళీ కొట్టి పెట్టాడు, మళ్ళీ ఊగింది. మూడోసారీ అంతే. ఫోనులో వీడియో తీస్తున్న ఒక తండ్రి ఫోను దించేశాడు. అప్పుడు చూశాను. అన్న కుడిచేతి చివరి రెండు వేళ్ళు మట్టి మీద ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. డ్రమ్ములు ఆ రెంటిలో స్పర్శ మిగల్చలేదు. చాయ్ గ్లాసు ఎన్నేళ్ళ నుంచి ఎడమచేత్తో పట్టుకుంటున్నాడో, అన్నీ లెక్కపెట్టే నేను గమనించనే లేదు. ఏప్రిల్ 27న నాన్న పేరు అడ్డం పెట్టి దాచింది తన చేతిని.

అన్న లేచి నిలబడ్డాడు. "చెల్లె, ఇటు రా. కూసో."

"అన్నా, నాయిన..."

"నాయినతోని నేను మాట్లాడుకుంట తియ్. ఎట్లన్న ముందుగాల వొయ్యేది నేనే గద."

కూర్చున్నాను. ఆయన నా వెనక నిలబడ్డాడు. "మోచెయ్యి తొడకు ఆనియ్యి. గట్ల గాదు, దొంగను వట్టినట్టు వట్టు. ఊపిరి ఇడువకు. నీళ్ళు, నీళ్ళు! బొటనవేలు నడుమ దింపు. ఆఁ, ఇగ ఊపిరి ఇడువు, సస్తవు!" పిల్లలు పగలబడి నవ్వారు. నేను మాత్రం చేతుల కింద ఊగడం మానేసిన మట్టిని చూస్తున్నాను. నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. ఎడమకు వంగింది. పడలేదు. "ఇరవయ్యోసారి!" అని లెక్కల పిల్ల అరిచింది. పంతొమ్మిది సంగతి దానికెలా తెలుసో, ఆ గోడలకే తెలియాలి.

"వంకరవోయింది," అన్నాడు అన్న.

"కూలలే గద."

"కూలలే," అని ఒప్పుకొని, పచ్చిదాన్ని అట్టముక్క మీద పెట్టుకొని, రెండు బస్సుల్లో ఒళ్ళో మోసుకొని పోయాడు. కాల్చి ఇస్తానన్నా ఇవ్వలేదు. "కాలిస్తె పలుగుతది, ఉండనియ్" అన్నాడు.

ఫిబ్రవరి 9న అన్న పోయాడు. అప్పటికి నేను బడిలో వారానికి రెండు రోజులు పిల్లలకు నేర్పుతున్నాను. నూట నలభై మూడుసార్లు సారె మీద మట్టి పెట్టాను, యాభై ఎనిమిది నిలిచాయి, వాటిలో కాల్చినవి పదకొండు. కబురు రాగానే ఆ పదకొండింటిలో తక్కువ వంకర ఉన్నదాన్ని సంచీలో పెట్టుకొని బయల్దేరాను. చితి చుట్టూ నీళ్ళతో తిరగడానికి కొత్త కుండ కావాలి కదా. నేను పోయేసరికి అన్న కొడుకు సంగారెడ్డి బజారు నుంచి బండి మీద ఒకటి తెచ్చి వాకిట్లో పెట్టి ఉన్నాడు, అచ్చులో పోసింది, చక్కగా గుండ్రంగా ఉంది. చుట్టూ మా వాళ్ళు ఇరవై మంది మగవాళ్ళు. నేను సంచి చంకలో పెట్టుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాను. అది అలాగే నాతో రెండు బస్సుల్లో వెనక్కి వచ్చింది.

పన్నెండోరోజు వదినెతో ఆ మాట చెప్పాను. "నా కుండయితే చిల్లులు వెట్టే పని తప్పుతుండె, దానంతటదే కారుతది," అన్నాను. వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది, చాలాసేపు. తర్వాత కళ్ళు తుడుచుకొని, "నీ సంచి సూసి నాకు గప్పుడే సమజైంది. ఇప్పుడు తీస్తవు, ఇప్పుడు తీస్తవు అని సూసిన. తియ్యకపోతివి," అంది.

ఆ రోజు గోడకు ఆనుకున్న అరవై అయిదేళ్ళావిడ ఇప్పుడు గుర్తొస్తే కోపం రావడం లేదు, నవ్వే వస్తోంది. కుండ విరుగుతుందేమోనని సంచిని రెండు చేతులతో ఎంత జాగ్రత్తగా పట్టుకుందో పాపం.