గాలి ఆగిన సాయంత్రం

సావగూచి తొమే నడిపే వేడినీళ్ల సత్రానికి వెనక ఒక గుంట ఉంది. మెట్లు దిగి వెళ్లాలి. అడుగున చిన్న పందిరి వేసేంత చోటు, చుట్టూ నల్లరాళ్లు. ఆ రాళ్ల సందుల్లోంచి కొండ ఊపిరి వదులుతూ ఉంటుంది, కుళ్లిన గుడ్ల కంపుతో. గాలి వీస్తున్నంతసేపు ఆ కంపు లేచి చెదిరిపోతుంది. గాలి ఆగిందా, బరువుగా దిగి గుంటలోనే కూర్చుంటుంది. మా అకితా కొండల్లో పలకపట్టిన పిల్లనడిగినా చెబుతుంది: కంపు కొడుతుంటే ఫరవాలేదు, ఉన్నట్టుండి మాయమైతేనే పరుగెత్తాలి. ముక్కు చచ్చిపోయిందన్నమాట, తర్వాత మనిషి వంతు. అందుకే ఏడాది పొడుగునా ఆ మెట్ల దగ్గర అడ్డంగా తాడు కట్టి ఉంటుంది.

ఆ తాడు ఆ ఏడాది తొమే విప్పించింది. తెలియక విప్పించిందనుకునేరు! ఆవిడకి తెలిసినంత మా కొండమీద ఇంకెవరికీ తెలియదు.

పెళ్లయి కొండెక్కినప్పుడు తొమేకి అన్నం వండటం కూడా సరిగ్గా రాదని అత్తగారు దెప్పేదట. ఆ అత్తగారి దగ్గరే అన్నీ నేర్చుకుంది. వచ్చినవాళ్ల చెప్పులు చూసి ఎంత దూరం నడిచారో పోల్చుకోవడం, చేప ముల్లు తీసి ముసలివాళ్ల ముందు పెట్టడం, ఎంత ఏడుపొచ్చినా వంటింటి గడప దాటేటప్పటికి మొహం తుడుచుకోవడం. మొగుడు పోయిన రోజు కూడా అతిథులకి సాయంత్రం భోజనం వేళకే వడ్డించింది. కొడుకూ కోడలూ కింద పట్నంలో ఉద్యోగాలు. మనవరాలు చిజురు మాత్రం నానమ్మ కొంగు వదలదు. ఎనిమిదేళ్ల పిల్ల, గలగలా మాట్లాడుతుంది, మాట్లాడటం మొదలెడితే నోరు కట్టెయ్యాలి.

చలికాలం నడిమికి మాకు నీళ్లదేవుడి పండగ. మంచుతో గుడిసె కడతాం. లోపల గోడలో గూడు చేసి దేవుణ్ణి పెడతాం. కుంపటి చుట్టూ పిల్లలు కూర్చుని, దారినపోయేవాళ్లని పిలిచి తియ్యటి బియ్యప్పానకం పోస్తారు. తొమే సత్రంలో ఆ ఏడు గుడిసెలో కూర్చునే వంతు చిజురుది. పిల్లకి నెల ముందునుంచే ఆ మాట తప్ప ఇంకో మాట లేకుండా పోయింది.

తీరా చూస్తే ఆ ఏడు మంచు పడలేదు. ముందు వాకిట్లో చీపురుతో ఊడ్చేంతే ఉంది. గాలికి కొట్టుకొచ్చి గుంటలో మాత్రం నిలువెత్తున పేరుకుంది.

"గుంటలో కడదామా కన్సుకే?" అంది తొమే.

కన్సుకే ఆ సత్రంలో వేడినీళ్ల గొట్టాలూ తొట్లూ చూసుకునే మనిషి. ఆవిడ కాపరానికి వచ్చినప్పటికే అక్కడున్నాడు. తల గోక్కున్నాడు.

"పండగ రోజుల్లో గాలి ఎప్పుడాగింది గనక అమ్మగారూ? మీ మామగారి హయాంలో ఓసారి అక్కడే కట్టాం. ఏం కాలేదు."

"అయితే కట్టు. గుడిసె లేదంటే ఆ కురమొచిగారు నా మొహం చూడరు."

కురమొచిగారు తోక్యో మనిషి, రిటైరైన పంతులు. ఏటా ఈ రోజుల్లో మా సీమంతా తిరుగుతాడు. ఒక సత్రంలో నీళ్లు, ఇంకో ఊళ్లో పండగ, ఆపైన కొండమీద మంచు కమ్ముకుని మనుషుల్లా నిలబడ్డ చెట్లు. చివరి మజిలీ మాత్రం తొమే సత్రమే.

పండగనాడు పొద్దున్నే తొమే మెట్లు ఊడవడానికి వెళ్లింది. అడుగు మెట్టు మీద ఓ పిట్ట పడి ఉంది. దెబ్బ లేదు, నెత్తురు లేదు. రెక్కలు ముడుచుకుని, నిద్రపోయినట్టుంది. అంతలో పైన చిజురు పాట వినిపించింది. ఆవిడ గబుక్కున పిట్టని కిమోనో వెడల్పాటి చేతి మడతలో దోపుకుంది.

ఎందుకు దాచిందో మావాళ్లకి చెప్పక్కర్లేదు. పండగనాడు తెల్లారినప్పటినుంచి గుడిసెలో దీపం కొండెక్కేదాకా చావు మాట నోట రాకూడదు. దేవుడి ముందు కూర్చునే పిల్ల చెవిన అసలే పడకూడదు. పడితే ఆ ఏడు వేడినీళ్ల ఊట ఎండిపోతుందంటారు. వేడినీళ్ల మీద బతికే ఇల్లాయె! చలికి చచ్చిందేలే అని తనకి తానే సర్ది చెప్పుకుని, కట్టెల కుప్ప వెనక పాతేసింది. చేతులు కడుక్కుంది. కన్సుకేకి కూడా చెప్పలేదు. అతను ఆ పొద్దున ఎందుకో ఆవిడ కళ్లలోకి చూడలేదు. అది గమనించింది, అడగలేదు.

మధ్యాహ్నమంతా గాలి ఈడ్చి కొట్టింది. గుంటలో కంపు కూడా మామూలుగానే ఉంది. అతిథులు ముక్కులు మూసుకుని నవ్వుకుంటూ దిగారు, పానకం తాగి ఎక్కారు. తొమే మాత్రం ప్రతి పది నిమిషాలకీ వంటింటి కిటికీలోంచి దేవదారు కొమ్మల వంక చూస్తూనే ఉంది. కొమ్మ ఊగితే ఊపిరి పీల్చుకునేది.

పొద్దు వాలింది. కొమ్మలు ఊగడం మానేశాయి.

అప్పుడే చిజురు ఖాళీ కూజా పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నానమ్మా, తల నొప్పిగా ఉంది."

"కుంపటి పొగ పట్టిందేమోనే. ఇంక చాలు, ఇక్కడే కూర్చో."

"అమ్మో, దేవుడు ఒక్కడే ఉన్నాడక్కడ! పానకం ఇచ్చేసి వచ్చేస్తాగా."

తొమే నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది. ఏదో అనబోయేలోగా వసారాలోంచి కురమొచిగారి గొంతు వినిపించింది. మేజోళ్లు తడిశాయని మార్చుకోవడానికి పైకి వచ్చాడు.

"తొమేగారూ, మీ దేవుడు మహిమగలవాడండీ! మెట్ల మీద కంపుకి ముక్కు పగిలిపోయింది. అడుగుకి వెళ్లేసరికి కంపన్నదే లేదు. కడిగేసినట్టు పోయింది."

వసారాలో ఉన్న మిగతా అతిథులు నవ్వారు. తొమే కూడా నవ్వింది. అలవాటైన మొహం, దానంతటదే నవ్వేసింది.

"మీ మనవరాలు వచ్చేదాకా దేవుడికి నేను కాపలా ఉంటాను. పంతులుకి కాపలా పని కొత్తా ఏంటి?" అని జోడు తొడుక్కున్నాడు.

ఆగండి అనాలి. ఆ ఒక్క మాట అనాలి. ఎందుకని అడిగితే? ఆ పండగ పూట, అంతమంది ముందు, ఏం చెప్పాలి? తొమే వంగి దణ్ణం పెట్టింది. ఆవిడ నడుము ఎత్తేసరికి ఆయన మలుపు తిరిగిపోయాడు.

తొమే పెరటి వైపు పరుగెత్తింది. కన్సుకే తొట్టి పక్కన నిలబడి, అదే కొమ్మల వంక చూస్తున్నాడు.

"కన్సుకే, పొద్దున్న గుంట దగ్గర ఏమన్నా చూశావా?"

"పండగ పూట ఎందుకమ్మగారూ అవన్నీ..."

"చెప్పమంటున్నానా!"

"నక్క. రాళ్ల పక్కన. చచ్చిపడి ఉంది. మీరు చూస్తే బాధపడతారని మంచులో కప్పేశాను."

"నాకు పిట్ట దొరికింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏం మనుషులండీ! ఒకళ్ల సంగతి ఒకళ్లకి నలభై ఏళ్లుగా తెలుసు. పొద్దున్నే పక్కపక్కన కూర్చుని టీ తాగారు. నక్కా పిట్టా ఆ టీ దగ్గర ఒక్కసారి కలిసి ఉంటే, ఆ మెట్లకి మధ్యాహ్నమే మళ్లీ తాడు పడేది.

"చిజురూ!" అని వంటింట్లోకి అరిచింది తొమే. కూజా లేదు. పిల్లా లేదు.

ఆవిడ చెప్పులు వేసుకోలేదు. మంచులో మేజోళ్లతోనే పరుగెత్తింది. మోకాళ్లు అరిగిన మనిషి ఎలా పరుగెత్తిందో ఆ దేవుడికే తెలియాలి. మెట్ల మొదట్లో చిజురు కూజా పట్టుకుని నిలబడి, కిందికి చూస్తోంది.

"నానమ్మా, పంతులు తాతగారు గుడిసె ముందే నిద్రపోయారు. చలేస్తుందేమో, దుప్పటి తేనా?" అని కాలు కింది మెట్టు మీద వేసింది.

తొమే పిల్ల జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. అంత మోటుగా ఎప్పుడూ పట్టుకోలేదు. కూజా పగిలింది. పిల్ల బావురుమంది. దాన్ని వెనకొచ్చిన అతిథి ఒకావిడ చేతుల్లోకి తోసేసి, మెట్లకి అడ్డంగా నిలబడింది. కింద కురమొచిగారు బోర్లా పడి ఉన్నాడు. గుడిసెలో దీపం నిశ్చింతగా వెలుగుతోంది.

"తప్పుకోండి, ఊపిరి బిగబట్టి లాక్కొచ్చేస్తా," అన్నాడు కన్సుకే.

"నువ్వు అక్కడే పడతావు. నీ వెనక ఇంకొకడు దిగుతాడు. వాడూ పడతాడు. కింద ఊరికి ఫోన్ చెయ్యండి, ఆక్సిజన్ మాస్కులు తెమ్మనండి!" అని వసారా వైపు కేకేసింది.

అతిథుల్లో ఓ కుర్రాడు కోటు విప్పుతూ ముందుకొచ్చాడు. "మనిషి చస్తుంటే చూస్తూ ఊరుకుంటామా?"

"ఊరుకుంటాం! దిగితే చస్తావు. చస్తావు, విన్నావా? చస్తావు!"

దీపం వెలుగుతుండగానే అన్నేసిసార్లు అనేసింది. చిజురు ఏడుపు ఆపి నానమ్మ వంక చూసింది. ఎవరూ కదల్లేదు. కింది ఊరి నుంచి బండి రావాలంటే కొండదారి, మంచు. చెట్టుకొమ్మ ఒక్కటైనా ఊగుతుందేమోనని అందరూ తలలెత్తి చూశారు.

అప్పుడు గుంటలో కురమొచిగారి చెయ్యి కదిలింది. మంచులో వేళ్లు ముడుచుకుని, మళ్లీ తెరుచుకున్నాయి.

"బతికే ఉన్నాడు! అమ్మగారూ, బతికే ఉన్నాడు, వదలండి!" కన్సుకే చిన్నపిల్లాడిలా ఏడుస్తూ ఆవిడ చేతుల్లో గింజుకున్నాడు.

"చూశాను," అంది తొమే. రెండు చేతులతో అతని నడుం పట్టీ పట్టుకుని, కిందికి చూస్తూనే నిలబడింది. ఆ చెయ్యి మరోసారి కదిలింది. ఆవిడ పట్టు వదల్లేదు.