అమ్మ నుదుట నేను పెట్టిన బొట్టు

మా అమ్మ బొట్టు పెట్టుకోవడం మానేసిన సంగతి లైన్లో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాను. కొళాయి దగ్గర పక్కింటామె అడిగితే "చెమటకి చెరిగిపోయిందక్కా" అంది అమ్మ. మరుసటి రోజూ అదే మాట చెప్పింది. మూడో రోజు పక్కింటామె అడగలేదు. అమ్మ ముఖంలోకి ఒకసారి చూసి, బిందె ఎత్తుకొని వెళ్ళిపోయింది.

మేముండేది కె.జి.ఎఫ్. బంగారు గని కార్మికుల లైన్లలో. ఒక్కో వరసలో పదేసి ఇళ్ళు, ఇంటికి ఒక గది, ముందర మూరెడు వసారా. ఒక ఇంట్లో దగ్గితే నాలుగో ఇంట్లో వినిపిస్తుంది. గనులు తెల్లవాళ్ళ కంపెనీ నుంచి సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయినా ఆ గోడలు అవే, ఆ కొళాయి అదే. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో దిగినాడు. ఆయన తర్వాత నాయన దిగినాడు. ఊళ్ళో మా వాళ్ళకి ఊరి బయట ఇళ్ళు, వేరే బావి. గనిలో అట్లాంటిది లేదని తాత చెప్పేవాడట. లోపల చీకట్లో ఎవరిది ఏ కులమో కనపడదని ఆయన నమ్మకం. పైకి వచ్చినాక ఎవరి లైను వాళ్ళదే అని మాత్రం చెప్పలేదు.

అమ్మ బూదికోట దగ్గరి పల్లె మనిషి. నా తర్వాత చాలా ఏళ్ళకు పుట్టిన చెల్లెలు ఏడాది నిండకుండానే పోయింది. ఆ తర్వాత అమ్మ చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పొయ్యి ముట్టించేది, వండేది, గోడకు ఆనుకొని కూర్చునేది. వెనక లైన్లో ఒంటరిగా ఉండే ఒక ముసలామె వచ్చి అమ్మ పక్కన కూర్చునేది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె ఓదార్పు మాటలేవీ చెప్పేది కాదు, అమ్మ తలలో చిక్కు తీసేది. అట్లా కొన్ని నెలలు గడిచినాక ఒక ఆదివారం అమ్మ ఆమె వెంట రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు పోయింది. తిరిగొచ్చినాక ఎన్నాళ్ళకో నాయనను "అన్నం పెట్టేదా?" అని అడిగింది.

నాయన వద్దనలేదు. "నీ మనసు కుదుటపడితే పో. గోడకు మాత్రం ఏమీ తగిలించొద్దు. పాపకి చదువు ఉండాది" అన్నాడు.

గోడకూ చదువుకూ సంబంధమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత నాయనే చెప్పినాడు. మా కులం వాళ్ళు కిరస్తానం పుచ్చుకుంటే సర్కారు లెక్కలో షెడ్యూల్డు కులం కాకుండా పోతారు. సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే హాస్టలు లేదు, కాలేజీలో సీటు లేదు. దేవుణ్ణి మార్చుకున్నంత మాత్రాన ఊళ్ళో మా బావి మారదు, కానీ కాగితం మారిపోతుంది.

అమ్మ గోడకు ఏమీ తగిలించలేదు. చిన్న బైబిలు ఒకటి బియ్యం డబ్బా వెనక ఉండేది. అమ్మకు చదువు రాదు. నేనే చదివి వినిపించేదాన్ని, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి.

పి.యు.సి.లో, అంటే ఇంటర్లో, నాకు మంచి మార్కులు వచ్చినాయి. మా లైన్లో ఆడపిల్ల అంతవరకు చదవడం అదే మొదలు. బెంగుళూరులో బి.ఎ. సీటుకు, హాస్టలుకు అర్జీ పెట్టుకున్నాను. కుల సర్టిఫికెట్ కోసం బంగారుపేట తాలూకా ఆఫీసుకు తిరగాలి. నాయనకు షిఫ్టు ఉంటుంది కాబట్టి ఆ పని యూనియన్ లీడరు తన మీద వేసుకున్నాడు. మా వరసలోనే పుట్టి పెరిగిన మనిషి. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆ ఏడు టౌను ఎలక్షన్లో నిలబడతాండాడు. "ఏమప్పా, మన బిడ్డ చదివితే మన లైనుకే గొప్ప" అని నాయన భుజం తట్టి, నా కాగితాలు తీసుకొని పోయినాడు. ఆయనకు పోటీగా ఇంకో యూనియన్ మనిషి నిలబడినాడు. ఇంగ లైన్లో ఎవరింట్లో ఏం జరిగినా రెండు పక్కలా నాలుగు కళ్ళు.

పది రోజులకు విచారణకు ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి వచ్చినాడు. మర్యాదస్తుడే. వసారాలో స్టూలు మీద కూర్చొని కాగితాలు తిరగేసినాడు. ఆయన వస్తాడని లీడరు ముందే కబురు చేసినాడు. అమ్మ తలస్నానం చేసి, పసుపు రాసుకొని, మూడు నాలుగేళ్ళ తర్వాత నుదుట బొట్టు పెట్టుకొని నిలబడింది.

"మీరు ఏ దేవరను మొక్కుతారమ్మా?" అని అడిగినాడు ఆయన.

"మా ఇంటి దేవర గంగమ్మ సార్" అంది అమ్మ.

అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని తనే చెప్పేది. ఆయన రాసుకొని, మజ్జిగ తాగి పోయినాడు. అమ్మ దొడ్లోకి పోయి ముఖం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. నేను పోయి "అమ్మా" అన్నాను.

"ఏమీ లేదు. నువ్వు చదువుకోను పోతాండావు కదా, అదే చాలు" అంది. ఆ రోజు బైబిలు చదవమని అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు.

అప్పటికే అమ్మకు కామెర్లు. మేం ఎండ దెబ్బ అనుకున్నాం. కళ్ళు పచ్చబడినాక ఆసుపత్రిలో చేర్చినాం. నాలుగో రోజు మధ్యాహ్నం నాయన టీ తాగడానికి బయటికి పోయినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నేను పోతే తెల్ల చీర కట్టండి. బొట్టు పెట్టొద్దు. పలకలు వాయించొద్దు. పెద్దమ్మ వాళ్ళు వచ్చి ఒక పాట పాడితే చాలు."

"అట్లంతా మాట్లాడొద్దమ్మా" అన్నాను.

"సరే అను."

"సరే" అన్నాను.

రెండు రోజుల తర్వాత పొద్దున అమ్మ పోయింది. ఇంటికి తెచ్చి వసారాలో పడుకోబెట్టినారు. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు.

లీడరు అందరికంటే ముందు వచ్చినాడు. నాయననూ చిన్నాయననూ ఇంటి వెనక్కి పిలిచి మాట్లాడినాడు. చిన్నాయన అంటే నాయన తమ్ముడు, ఆయనా గనిలోనే పని. నేను వాకిట్లో ఉన్నా అన్నీ వినిపించినాయి.

"చూడప్పా, నేను దాచకుండా చెప్తాండాను. ఆ ప్రార్థనోళ్ళు వచ్చి తీసకపోయి పూడిస్తే వాళ్ళ సంఘం పుస్తకంలో ఆమె పేరు ఎక్కిస్తారు. ఎదుటి పార్టీవాళ్ళు టీ అంగట్లో కూర్చొని చూస్తాండారు. మీరు కిరస్తానమని రేపే తాలూకా ఆఫీసుకు అర్జీ పోతుంది. బిడ్డకు సర్టిఫికెట్ రాదు, నేను సిఫార్సు చేసినందుకు నా మాటా పోతుంది. మన పద్ధతిలో మన కాడులోనే పూడ్చు. పలకలు నేను పంపిస్తా."

నాయన నా దగ్గరకు వచ్చినాడు. "ఏమ్మా, నువ్వేమంటావు? అమ్మ నీతో ఏమైనా చెప్పిందా?"

చెప్పింది అనాలి. నోట్లో మాట ఉంది. బెంగుళూరు హాస్టలు గది ఎట్లా ఉంటుందో నేను అప్పటికే వంద సార్లు ఊహించుకొని ఉన్నాను. మంచం పక్కన కిటికీ, కిటికీ దగ్గర నా పుస్తకాలు.

"మీ ఇష్టం నాయనా" అన్నాను.

అమ్మకు స్నానం చేయించి ఎర్ర చీర కట్టినారు, చేతుల నిండా గాజులు వేసినారు. మేనత్త కుంకుమ గిన్నె నా చేతికిచ్చింది. "ముత్తైదువగా పోతాండాది. కూతురివి, నువ్వే పెట్టు" అంది. పెట్టినాను. చిన్నగా పెడితే "పెద్దది పెట్టమ్మా, కనపడాల" అంది. పెద్దది చేసినాను. అమ్మ నుదురు చల్లగా, కొంచెం తడిగా ఉంది. కుంకుమ ముక్కు మీదికి రాలితే కొంగుతో తుడిచినాను.

అప్పుడే లైను చివర కొళాయి దగ్గర పాస్టరు, పెద్దమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడినారు. చిన్నాయన పోయి అడ్డంగా నిలబడినాడు. "ఇంటి దాకా రావద్దు సార్. దండం పెడతాను, పొండి." పాస్టరు ఏదో చెప్పబోయినాడు. పలకల మోతలో నాకేమీ వినపడలేదు. ఆయన చిన్నాయన భుజం మీదుగా నా వైపు చూసి చెయ్యి ఎత్తి పిలిచినాడు. పెద్దమ్మ కూడా రమ్మని తల ఆడించింది. నేను లోపలికి పోయి బియ్యం డబ్బా ముందర కూర్చున్నాను.

కాడులో యూనియన్ జెండా అమ్మ కాళ్ళ మీద కప్పినారు. అమ్మ ఏ రోజూ యూనియన్ ఆఫీసు గడప తొక్కలేదు. లీడరు మాట్లాడినాడు. కార్మికుని భార్య కష్టం గురించి, ఐకమత్యం గురించి. జనం చేతులు కట్టుకొని విన్నారు. ఎండ మండుతోంది. నాయన తల ఎత్తలేదు.

వారానికి సర్టిఫికెట్ వచ్చింది. లీడరు గెలిచినాడు.

బెంగుళూరులో సమాజశాస్త్రం తీసుకున్నాను. కుటుంబం ఒక పాఠం, మతం ఒక పాఠం, విద్య ఒకటి, రాజకీయం ఒకటి. మతం మనుషుల్ని కలిపి ఉంచుతుందని, విద్య మనిషిని పైకి తెస్తుందని లెక్చరర్ చెప్తాంటే రాసుకునేదాన్ని. పరీక్షలో అట్లే రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంట్లో ఆ నాలుగూ ఒకే గదిలో కూర్చొని ఒక శవం ముందర బేరమాడినాయని ఏ ప్రశ్నకు జవాబుగా రాయాలో తెలియలేదు. ఇప్పుడు కోలారులో అవే పాఠాలు నేను చెప్తాను. మతం పాఠం చెప్పేటప్పుడు చాలామంది పిల్లలు నోటు పుస్తకంలోంచి తల ఎత్తరు. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళల్లో బియ్యం డబ్బా వెనక ఏముందో నాకు తెలియదు. అడగను.

ఉద్యోగం వచ్చిన కొన్నేళ్ళకు గనులు మూసేసినారు. నాయన ఊపిరితిత్తులు అప్పటికే రాతి దుమ్ముతో పాడైపోయినాయి. ఆయన లైను వదిలి రానన్నాడు. సెలవు దొరికితే నేనే బంగారుపేటలో రైలు మారి పోయేదాన్ని. అట్లా పోయినప్పుడు ఒకసారి పెద్దమ్మ మంచాన పడిందని తెలిసి చూడను పోయినాను. అమ్మ పోయినప్పటి నుంచి ఆమె ఎదురైతే దారి మార్చేదాన్ని.

ఆమెకు చూపు మందగించింది. నా గొంతు గుర్తుపట్టి పక్కన కూర్చోమంది. కాసేపటికి నేనే అన్నాను. "ఆ పొద్దు మిమ్మల్ని రానీయలేదు పెద్దమ్మా. పుస్తకంలో పేరు ఎక్కుతుందని భయపడినాం."

"ఏ పుస్తకం?" అంది ఆమె.

"మీ సంఘం పుస్తకం."

"మీ అమ్మ పేరు అందులో యాడ ఉండాది తల్లీ? బాప్తీస్మం తీసుకునేటప్పుడే పాస్టరు కాళ్ళు పట్టుకుంది. నా పేరు రాయొద్దు సార్, నా బిడ్డ చదువుకి అడ్డం వస్తుంది అనింది. ఆయన రాయలేదు. ఆ పొద్దు మేం వచ్చింది కూడా ఆ మాట చెప్పేదానికే. ఏమీ రాయం, తీసకపోం, దూరంగా నిలబడి ఒక పాట పాడి పోతాం అని చెప్పాలనుకున్నాం. చెప్పనిస్తే కదా. నిన్ను పిలిచినాం. నువ్వు లోపలికి పోతివి."

ఆమె కోపంగా అనలేదు. అందుకే మరీ కష్టమైంది. నాకు ఏడుపు రాలేదు. ఆమె కాళ్ళ దగ్గర దుప్పటి సర్ది వచ్చేసినాను.

ఇంటికి వచ్చి నాయనకు చెప్పినాను. ఆయన వసారాలో గోడకు దిండు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ఆసుపత్రిలో అమ్మ నాతో చెప్పిన మాటలు కూడా అప్పుడే, మొదటిసారి చెప్పినాను. ఆయన దగ్గు తగ్గేదాకా ఆగినాడు.

"నాకూ చెప్పింది. తెల్ల చీర, పాట, అన్నీ" అన్నాడు.

"మరి ఆ పొద్దు నన్నెందుకు అడిగినావు?"

"నువ్వు చెప్తావేమో అనుకున్న్యా. నువ్వు చెప్పింటే లీడరు మాట తీసేసేవాణ్ణి. నేనుగా చెప్తే నీ చదువు చెరిపినట్లైతుందని నోరు మూసుకున్న్యా."

నేను నాయన ముఖం చూడలేకపోయినాను. ఆయనా నా వైపు చూడలేదు. లోపలికి పోయి రాగి సంగటి కలిపినాను. ఇద్దరం తిన్నాం. ఆ సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు.

ఆయన ఇంకో రెండేళ్ళు బతికినాడు. తనకు ఏం చేయాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పోయినాక చిన్నాయన కాడులో అమ్మ పక్కనే గుంత తీయిద్దామన్నాడు. అమ్మకు రాయి నాటించలేదు. తుమ్మ చెట్లు మొలిచి నేలంతా ఒకటే తీరుగా ఉంది. చిన్నాయన అటూ ఇటూ నడిచి, కాలితో మట్టి గీకి చూసి, "ఇక్కడే అనుకుంటా" అన్నాడు. ఇంకొకాయన కాదు, ఆ పక్కన అన్నాడు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగినారు. నాకూ తెలియలేదు.