గేటు దాటించిన చేతులు

గప్పాలు వేరు, అబద్ధాలు వేరు అని నేను చాలా ఏళ్ళు వాదించాను. అబద్ధంతో ఎవడో ఒకడు నష్టపోతాడు, గప్పాలతో అందరికీ పొద్దుపోతుంది, అంతే తేడా అనేవాణ్ణి. సౌదీలో, జుబైల్‌లోని మా క్యాంపు గదిలో ఈ వాదనకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. అన్నం ఉడికేలోపు ఏదో ఒకటి చెప్పమని వాళ్ళే నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ వాదన నా నోటికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో చెప్పాలంటే మా ఇన్‌స్పెక్టర్ సార్ గురించి చెప్పాలి.

మాది నిజామాబాద్ వైపు. ఇక్కడ ప్లాంట్లను కొన్నాళ్ళు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల కంపెనీలో ఆయనకు పికప్ నడుపుతాను. పైపుల జాయింట్లకు తీసిన ఎక్స్‌రే ఫిల్ములను వెలుతురు పెట్టె మీద పెట్టి చూసి, ఇది పాస్, దీన్ని కోసి మళ్ళీ వెల్డింగ్ చెయ్యండి అని సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. ఆ సంతకం పడేదాకా పైపులో గ్యాస్ వదలరు. ఆయనది స్కాట్లాండ్, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకు బతికే చిన్న ఊరు. వయసు అరవై దాటింది. వారానికోసారి ఖఫ్జీలో పని చూడటానికి వెళ్ళేవాళ్ళం. ఆ దారిలో ఇసుక, ఒంటెలు, కరెంటు స్తంభాలు తప్ప చూడటానికేమీ ఉండవు గనక ఆయన తన చిన్ననాటి ఫుట్‌బాల్ ముచ్చట్లు ఎత్తుకునేవాడు.

ఈ దేశంలో ఇప్పుడు ఫుట్‌బాల్ అంటే పెద్ద వ్యవహారం. టీ కొట్లో కూడా పెద్ద తెర, ఫోన్‌లోనే టికెట్, విమానాల్లో దిగే ఆటగాళ్ళు. సార్ చెప్పే ఫుట్‌బాల్‌కు ఇవేవీ తెలియవు. వాళ్ళ ఊరి మైదానంలో ఒక గోల్ వెనకాల గోడ, గోడ వెనకాల సముద్రం. గాలి ఎక్కువైన రోజున అల గోడ దాటి వచ్చి గోల్‌కీపర్‌ను నిలువునా తడిపేదట. బంతి నీళ్ళలో పడితే తేవడానికి ఒక పడవ కాచుకుని ఉండేదట. పొగమంచు పట్టిన రోజున ఇటు చివర ఉన్నవాళ్ళకు అటు గోల్ కనబడదు. గోల్ పడిందన్న మాట నోటి నుంచి నోటికి మైదానం చుట్టూ తిరిగి వచ్చాక అప్పుడు వీళ్ళు కేక పెట్టేవాళ్ళట. సగం ఆట అయ్యాక రెండు జట్లూ వైపులు మారితే, చూసేవాళ్ళు కూడా లేచి తమ జట్టు ఏ గోల్ మీదికి పోతుందో ఆ గోల్ వెనక్కి నడిచి వెళ్ళేవాళ్ళు. ఇటు వాళ్ళు అటు, అటు వాళ్ళు ఇటు, దారిలో ఎదురుపడి ఒకరినొకరు తిట్టుకుంటూ. చలికి చేతిలో ఒక కప్పు వేడి రసం. మన చారు లాంటిదేలే సార్ అన్నాను ఒకసారి. ఇది గొడ్డు మాంసంతో కాచింది, మీ చారును అవమానించకు అన్నాడు.

ఇవన్నీ ఆయనవి. గదికి చేరేసరికి కొన్ని నావయ్యేవి. గోడ దాటిన అలలో చేప ఉండేది, గోల్‌కీపర్ బంతి అనుకుని దాన్ని గుండెకు హత్తుకునేవాడు. దారిలో ఎదురుపడినవాళ్ళు తిట్టుకోవడంతో ఆగేవాళ్ళు కాదు, టోపీలు మార్చుకునేవాళ్ళు. మా గదిలో కడప నుంచి వచ్చిన ట్రైలర్ డ్రైవర్ ఒకాయన ఉన్నాడు, అందరం భాయ్ అంటాం. చేప దగ్గర ఆయన ఆపేవాడు.

"ఏమప్పా, పోయిన వారం బెత్తెడు ఉన్నింది గదా చేప, ఈ వారం మూరెడు ఎట్లాయె?"

"పెరుగది మరి, వారమాయె గదా?" అనేవాణ్ణి.

చేపను, టోపీలను దారిలో సార్‌కు కూడా, ఆయన చెప్పినవే అన్నట్టు తిప్పి చెప్పేవాణ్ణి, ఆయన నవ్వేవాడు. చేపతో ఎవరికీ నష్టం లేదు. నష్టం గేటు కథతో వచ్చింది.

మైదానం వాకిట్లో ఇనప కడ్డీలతో తిరిగే గేటు ఒకటి ఉండేది. డబ్బు కడితే అది ఒక్క మనిషికి మాత్రం తిరుగుతుంది. పిల్లల దగ్గర డబ్బులెక్కడివి. అందుకని గేటు దగ్గర నిలబడి, వచ్చే పెద్దమనిషిని, ముక్కూ మొహం తెలియకపోయినా సరే, నన్ను ఎత్తి దాటించవా అని అడిగేవాళ్ళు. ఆ మనిషి చంకల కింద చేతులేసి ఎత్తి అవతల దించేవాడు. గేటు కాసేవాడు చూసీ చూడనట్టు ఉండేవాడు. అక్కడి ఊళ్ళలో అది మామూలు. సార్ కూడా అలాగే లోపలికి వెళ్ళేవాడు.

నేను ఇది చెప్పిన రోజున జగిత్యాల నుంచి వచ్చిన ఫిట్టర్ కుర్రాడు చపాతీ పిండి పిసుకుతున్నాడు. వాడికి ఊళ్ళో చిన్న కూతురుంది. అది పుట్టినప్పుడు ఇక్కడే ఉన్నాడు, నడక నేర్చినప్పుడూ ఇక్కడే ఉన్నాడు.

"అన్నా, ఎవడో తెల్వనోడు ఎత్తుకపోతే ఊకున్నరా? మరి గా పిలగాని నాయిన ఏడికి వోయిండు?"

నాకు తెలియదు. సార్ చెప్పలేదు, నేను అడగలేదు. తెలియదంటే కథ చల్లారిపోతుంది. అందుకని, "ఎత్తింది నాయినేరా. తెల్వనోడెందుకెత్తుతడు?" అన్నాను. ఒక్క మాట మార్చాను, అంతే. గదంతా ఒక్కసారి మెత్తబడింది. భాయ్ ఉల్లిగడ్డలు కోయడం ఆపాడు. ఆ తర్వాత వాళ్ళు చేపను అడగడం మానేసి తండ్రి ఎత్తిన కథనే అడగసాగారు. పిల్లలను దూరం పెట్టి వచ్చిన మగవాళ్ళు ఒక గదిలో ఉంటే ఏ కథ నిలుస్తుందో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నేను చెబుతూ పోయాను.

ఒక శుక్రవారం భాయ్ బిర్యానీ చేస్తే సార్‌ను క్యాంపుకు తీసుకొచ్చాను. ఫిట్టర్‌కు ఇంగ్లీషు రాదు. నా చెయ్యి గోకి, "సారును గా నాయిన ముచ్చట చెప్పుమనే" అన్నాడు.

మధ్యలో భాష మార్చి చెప్పేది నేనే గనక, తండ్రి మాట సార్ దాకా పోకుండా దాటించవచ్చు. కానీ నాలోని గప్పాలరాయుడికి బుద్ధి ఉంటే కదా. "సార్, మీ నాన్నగారు మిమ్మల్ని గేటు మీదుగా ఎత్తి దాటించిన కథంటే వీళ్ళకు చాలా ఇష్టం" అన్నాను ఇంగ్లీషులో.

ఆయన పళ్ళెం వైపు చూశాడు. చాలాసేపు అన్నం కలిపాడు. తర్వాత తలెత్తి, "అవును" అన్నాడు.

మర్యాద కోసం అన్నాడనుకున్నాను. కానీ ఆ తర్వాత ఖఫ్జీ దారిలో ఆయనే ఆ కథ ఎత్తాడు, తండ్రితో సహా. ఇంకోసారి చెప్పినప్పుడు తండ్రి తలమీద టోపీ వచ్చింది. తడిసిన ఉన్ని కోటు వచ్చింది. చేతులకు చేపల వాసన వచ్చింది. నేను స్టీరింగ్ పట్టుకుని లోలోపల మురిసిపోయాను. నా విత్తనం ఇంకొకరి చేలో మొలిచింది కదా అని. ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ చలికాలంలో, ఒక ప్రయాణంలో, సార్ చిన్ననాటి స్నేహితుడు వాళ్ళ ఊరి నుంచి వీడియో కాల్ చేశాడు. సార్ ఫోన్‌ను ముందు అద్దం కింద నిలబెట్టాడు. ఇద్దరూ పాత మైదానం గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ స్థలంలో ఇప్పుడు ఇళ్ళు కట్టారట. మాటల్లో సార్ తండ్రి ఎత్తిన సంగతి చెప్పాడు. అవతలి ముసలాయన నవ్వు ఆగిపోయింది.

"ఎవరు, మీ నాన్నా? నువ్వు బడిలో చేరకముందే ఆయన పడవతో సహా మునిగిపోయాడు కదరా. గేటు దగ్గర మనిద్దరం కలిసే నిలబడేవాళ్ళం. ఎవడు దొరికితే వాడు ఎత్తేవాడు."

సార్ ఏదో గొణిగి ఫోన్ ఆపేశాడు. తండ్రి లేడన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఆయన ఊరి అలల దగ్గర్నుంచి గోడ ఎత్తు దాకా అడిగినవాణ్ణి, మీ నాన్న ఏం చేసేవారు సార్ అని ఒక్కసారి అడగలేదు.

మర్నాడు జుబైల్ సైటు క్యాబిన్‌లో ఫిల్ములు గుట్టగా పేరుకున్నాయి. వెలుతురు పెట్టె వెలుగుతోంది. ఆయన పెన్ను మూత తియ్యకుండా కూర్చున్నాడు. బయట ఫోర్‌మన్ రెండుసార్లు తలుపు దాకా వచ్చి పోయాడు. నేను చాయ్ పెట్టి నిలబడ్డాను.

"లేని మనిషిని ఉన్నట్టు చూశాను. కోటు కూడా చూశాను" అన్నాడు. "అలాంటి కళ్ళతో పైపులో ఉన్న పగులును లేనట్టు చూస్తే? మా అమ్మకు చివర్లో మతి పోయింది. నాకూ మొదలైనట్టుంది. ఉద్యోగం వదిలి ఊరికి పోవడానికి ఫైనల్ ఎగ్జిట్ అడుగుతున్నాను. వేరే ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించమను."

నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. చాయ్ కప్పు అటూ ఇటూ జరిపి బయటికి వచ్చాను. చెబితే నా పని పోతుందన్న భయం ఒకటి. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. చెబితే ఆయనకు మతి తిరిగి వస్తుంది, తండ్రి పోతాడు. చెప్పకపోతే రెండూ పోతాయి. ఇంత చిన్న లెక్క తేలడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

సైటు నుంచి తిరిగి వచ్చే దారిలో పెట్రోలు బంకు దగ్గర బండి ఆపాను.

"సార్, మీ మతికి ఏమీ కాలేదు. ఆ నాన్నను పెట్టింది నేను."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "మంచివాడివి. నన్ను ఊరడించడానికి ఇది ఇప్పుడు అల్లావు. నీ సంగతి నాకు తెలియదా?"

గప్పాలు కొట్టేవాడికి పడాల్సిన శిక్ష అది. నిజం చెప్పినా కొత్త కథ అనే అంటారు.

"కాదు సార్. మొదటిసారి మీరు చెప్పినప్పుడు నాన్న లేడు. మీరన్నది ఇదీ. పిల్లాణ్ణి వెంట తెచ్చుకున్న మనిషిని అడగం, అతని చేతులు ఖాళీగా ఉండవు. ఒంటరిగా వచ్చేవాణ్ణి చూసి అడిగేవాళ్ళం అన్నారు. అది నేను అల్లగలిగేది కాదు. మా ఊళ్ళో అలాంటి గేటే లేదు."

ఆయన మొహం మారింది. బంకులో ఎవరో టైర్లకు గాలి పట్టిస్తున్నారు. ఆయన తన వైపు అద్దం పైకెత్తాడు.

"చేప?" అన్నాడు.

"నాదే."

"టోపీలు మార్చుకోవడం?"

"నాదే సార్."

"పొగమంచులో గోల్ వార్త?"

"అది మీదే. దాన్ని ముట్టుకోలేదు."

"కోటు? చేతుల వాసన?"

"నాన్న అన్న ఒక్క మాటే నేను పెట్టాను. మిగతావి నేనివ్వలేదు."

ఆయన తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. "అయితే అవి నన్ను నిజంగా ఎత్తిన మనిషివి" అన్నాడు. "దించగానే పరిగెత్తేవాణ్ణి. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు అతని చేతులు లాక్కుని మా నాన్నకు ఇచ్చాను. నువ్వు అందించావు, నేను తీసుకున్నాను." కోపంగానే అన్నాడు. అది ఎవరి మీదో నాకు తెలియలేదు. కాసేపటికి, "నీ గదిలో వాళ్ళకు అతన్ని తిరిగి చెప్పు. ఉన్నది ఉన్నట్టు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫిల్ములన్నీ చూశాడు. రెండు జాయింట్లు కోయించాడు, మిగతావాటికి సంతకాలు పెట్టాడు. ఫైనల్ ఎగ్జిట్ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఖఫ్జీ దారిలో ఇప్పుడు రేడియో పెడుతున్నాడు. నేను ఏదైనా అడిగితే, "ఇది నాకు గుర్తున్నదా, నువ్వు చెప్పిందా?" అని నన్నే అడుగుతాడు. ఆయనవని తెలిసినవాటిని కూడా ఆయనవేనని ఒప్పించలేకపోతున్నాను.

ఆ శుక్రవారం గదిలో చెప్పాను. ఎత్తింది తండ్రి కాదని, తండ్రి సముద్రంలో పోయాడని, పిల్లలను వెంట తెచ్చుకోకుండా ఒంటరిగా వచ్చిన మనిషినే అడిగేవాళ్ళని, అలాంటి ఎవరో ఎత్తాడని.

"నాయిననే ఉండనియ్యరాదే" అన్నాడు ఫిట్టర్. "ఎవలకు నష్టం?"

"నష్టమైందిరా" అన్నాను.

భాయ్ నావైపు అదోలా చూశాడు. ఫిట్టర్ పిండి ముద్ద పక్కన పెట్టాడు. ఏదో ఆలోచిస్తున్నట్టు చేతికంటిన పిండి గీక్కున్నాడు.

"పిలగాండ్లను ఎంటదెచ్చుకోనోన్నే అడుగుతుండె అంటివి గదా. మరి గాయనకు పిల్లలే లేరా? ఉండి ఇంటికాడ ఇడిసిపెట్టి అచ్చిండా?"

గదిలో అందరూ నావైపు తిరిగారు. నా నాలుక మీద నాలుగైదు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. దూరదేశంలో పనిచేసే మనిషని చెప్పొచ్చు. అంత వయసే ఉన్న కొడుకు ఉన్నాడని చెప్పొచ్చు. ఏది చెప్పినా వాళ్ళు నమ్ముతారు, ఏది చెబితే కళ్ళు తుడుచుకుంటారో కూడా నాకు తెలుసు.

"నాకు తెల్వదురా" అన్నాను.

ఫిట్టర్ ఇంకేదో వస్తుందని కాసేపు చూశాడు. తర్వాత కుక్కర్ మూత తియ్యడానికి లేచాడు.