స్కేలు మాస్టారి పోటీల పట్టిక

ఫిజిక్సు ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆయన్ను పిల్లలు స్కేలు మాస్టారు అంటారు. కొలవనిదే దేన్నీ నమ్మడు. భార్య తలనొప్పిగా ఉందంటే, "పదికి ఎన్ని మార్కులేస్తావు?" అని అడిగిన మహానుభావుడు.

అంతటివాడికి వారంగా కాలు నిలవడం లేదు. కారణం, రోబోలు బంతుల్ని బుట్టలో వేసే స్కూలు పోటీలు. ఏడాదికి ఆరు జరుగుతాయి. స్కూలు పంపేది ఒక్కదానికే. జట్టు నాయకురాలు ఆయన అన్నగారమ్మాయి. ఆమెకు ఇది ఆఖరి ఏడాది.

"బాబాయ్, పోయినేడు మనం గెలిచింది మన గొప్పా, అవతలివాళ్ళ చేతకానితనమా? తేల్చి చెప్పు. ఈసారి గట్టివాళ్ళతోనే ఆడాలి," అంది.

ఆయన ముందు జట్లను లెక్కపెట్టాడు. అరవై జట్లు వచ్చే పోటీయే గట్టిదని తీర్మానించి, రెండు గంటలు సుఖపడ్డాడు. తర్వాత పాత స్కోర్లు తిరగేస్తే, అక్కడ సగం మ్యాచుల్లో ఒకరికి తొంభై, ఇంకొకరికి సున్నా. ఆ సున్నాల రోబోలు బయల్దేరే గీతైనా దాటలేదు. కొలవాల్సింది జట్లను కాదు, గెలుపుకీ ఓటమికీ మధ్య దూరాన్ని అని అప్పుడు తట్టింది. ఇక కుర్చీకీ కిటికీకీ మధ్య తిరుగుడే.

"కూర్చుంటే కుర్చీ కరుస్తుందా?" అంది భార్య.

"మూడు పాయింట్లే తేడా."

"దేనికి? మీకూ మామూలు మనుషులకూనా?"

పద్నాలుగే జట్లు వచ్చే ఒక చిన్న పోటీలో సగం పైగా మ్యాచులు మూడు పాయింట్ల లోపే తేలాయి. తాము గెలిచిన పోటీలో తేడా సగటున డెబ్బై. ఆయన వేసిన పట్టికలో అది అట్టడుగున ఉంది.

దరఖాస్తుకు గడువు ముగిసే రోజు, అమ్మాయిని వెంటబెట్టుకుని, పట్టికతో హెడ్ మేడమ్ గదికి వెళ్ళాడు.

"గెలిచినచోటికే పోదాం మాస్టారూ. కప్పు ఖాయం కదా," అంది మేడమ్.

"ఖాయమేనండి. దాని జబ్బే అది."

"ఈ పద్నాలుగు జట్లదాంట్లో గెలుస్తారా మరి?"

ఆయన పట్టికను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

"తెలీదండి."

ఆ గదిలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. మేడమ్ కళ్ళద్దాలు తీసి అమ్మాయి వైపు తిరిగింది.

"ఓడితే ఏడుస్తావా?"

"ఏడుస్తాను మేడమ్. అయినా అక్కడికే పంపండి."

మేడమ్ కాసేపు కలం ఆడించి, సంతకం పెట్టింది.

వరండాలోకి రాగానే అమ్మాయి అడిగింది: "మూడు పాయింట్లంటే ఎన్ని బంతులు బాబాయ్?"

"ఒకటే."

"మన రోబో మ్యాచుకి రెండు జారవిడుస్తోంది. పద, దాని చేయి విప్పి చూడాలి."

ల్యాబు తాళం కోసం జేబులు తడుముకుంటూ ఆయన ఆమెను దాటిపోయాడు.