నడుమ విడిచిపెట్టినవాడు

సూపర్‌హీరో సినిమా రెండో భాగం నుంచి దర్శకుడు తప్పుకున్నాడని తెలిసినప్పటి నుంచి దేవసహాయం చాయ్ వేడిగా తాగింది లేదు. యాభై దాటిన ఆ గని కార్మికుడు రోజూ షిఫ్టుకు ముందు హోటల్ దగ్గర నిలబడి, హెల్మెట్ చంకన పెట్టి, యూనియన్ గేట్ మీటింగులో లాగా వేలు పైకెత్తుతాడు. “నమ్ముకున్నోళ్లను గిట్ల నడుమ ఇడిశిపెట్టి పోతడా? వాడు మనిషేనా?” వినేవాళ్లు తలూపుతారు. ఇవాళ మాత్రం, బొగ్గుబాయిలో ఏళ్లుగా అతని పక్కనే పనిచేసే కిషన్ బూట్ల లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు. “అన్నా, నువ్వు బాయి దిగుడు బంద్ జేసి పైన డ్యూటీకి మార్పించుకున్నవట గదా. నాకెప్పుడు చెప్తవు?”

ఎత్తిన వేలు మెల్లగా దిగి, చాయ్ మీద కట్టిన మీగడను పక్కకు తీసింది.

“ఏమోరా కిషన్, ఆ డైరెక్టరుకు గూడ మోకాళ్లు నొస్తున్నయేమో,” అన్నాడు దేవసహాయం.